మా ఇంటి బదనిక

మిద్దె మీద పచ్చ వల కింద వేలాడే చెక్క బుట్టలో పోయిన వారం విచ్చిన వాండా ఆర్కిడ్ పూలు అరచేయంత ఉన్నాయి. ఊదారంగు రెక్కలు, వాటి మీద ముదురు గళ్లు, చూడటానికి అద్దకం గుడ్డలాగా ఉంటాయి. ఈ ఉదయం నీళ్లు చల్లుతూ, అలవాటు కొద్దీ వంగి వాసన చూశాను. వచ్చింది తడిసిన బొగ్గుల వాసన, దాని వెనక కొబ్బరి పీచు వాసన. పువ్వుది ఏమీ రాలేదు. నర్సరీలో అమ్మినతను ముందే చెప్పాడు, ఇది బయటి దేశపు సంకరజాతి, నెల దాకా పువ్వు వాడదు, వాసన మాత్రం అడగొద్దు సార్ అని. అడగలేదు. కానీ ప్రతిసారీ వంగి చూస్తూనే ఉన్నాను, ఎందుకంటే నా ముక్కుకు తెలిసిన వాండా వేరే ఉంది.

నంద్యాల ఎండల్లో ఆర్కిడ్లు పెంచడం తెలివైన పని కాదని చాలామంది చెప్పారు. వాళ్లు చెప్పింది నిజమే. ఈ మొక్కలకు మన్ను అక్కరలేదు, గాలిలో తేమ కావాలి. మా ఊళ్లో మన్నుకు కొదవ లేదు, తేమే ఉండదు. అందుకే వేసవిలో ఉదయమూ సాయంత్రమూ వేళ్లు తడిపి, కింద నాపరాళ్ల మీద నీళ్లు పారించి, పడమటి ఎండ తగలకుండా గోనెపట్టాలు కడతాను. ఏ రోజు ఏ మొక్కకు కొత్త వేరు వచ్చిందో డైరీలో రాసుకుంటాను. డైరీ రాసే అలవాటు హైస్కూలు చివర్లో మొదలైంది. ఇప్పుడు చెప్పబోయే సంగతి అంతకు ముందుది, కాబట్టి ఇందులో దేనికీ తేదీ చెప్పలేను. మనుషులు అన్న మాటలు మాత్రం బాగా గుర్తున్నాయి.

అప్పటి మా ఇల్లు ఇదే స్థలంలో ఉండేది. మట్టి మిద్దె, ముందు వసారా, వెనక నాపరాళ్లు పరిచిన పెరడు, పెరట్లో ఒక మూల మేము జాలాడి అనే స్నానాల చోటు, ఇంకో మూల ఎనుమును కట్టేసే గుంజ, మధ్యలో ఒక మామిడిచెట్టు. ఎండాకాలం రాత్రుళ్లు ఆ రాళ్ల మీద నీళ్లు చల్లితే ఆవిరి లేచి వేడి వాసన కొట్టేది, అది చల్లారాక ఈత చాపలు పరుచుకుని వరసగా పడుకునేవాళ్లం. వానాకాలం మొదట్లో నల్లరేగడి పొలాల మీద నుంచి వచ్చే గాలికి పెరడంతా తడి మట్టి వాసన. చలికాలంలో పొద్దున్నే కొర్రన్నం గంజి వాసన, ఉగాదికి భక్షాల కోసం ఉడికే శనగబేడలు, బెల్లం వాసన. మామిడిచెట్టు మా జేజిది, నాయన వాళ్లమ్మది. అంటే దాన్ని నాటింది మా నాయన వాళ్ల నాయన, ఆయన పోయాక అది జేజిదైంది. దాని కాయ పుల్లగా, పీచుగా ఉండి తినడానికి పనికొచ్చేది కాదు గాని ఊరగాయకు అంతకు మించిన కాయ లేదని జేజి నమ్మకం. ఏడాదికి సరిపడా జాడీలు ఆ చెట్టు కాయలతోనే నిండేవి. కొమ్మ కింద ఉమ్మి వేసినా, కాండానికి బంతి కొట్టినా జేజి గొంతు వంటింట్లో నుంచే వినపడేది.

మా అమ్మది ఆళ్లగడ్డ. సెలవులకు అక్కడికి పోతే, బస్సు దిగగానే రాతి మీద ఉలి దెబ్బలు వినపడేవి. వీధి పొడవునా శిల్పాలు చెక్కేవాళ్లు కూర్చుని ఉండేవాళ్లు, వాళ్ల తలల మీద, కనుబొమ్మల మీద తెల్లటి రాతిపొడి. అమ్మ పుట్టిల్లు ఆ వీధికి వెనక. మా పిల్లల ఆటలు మాత్రం ఊరి చివర కలప డిపోలో. అహోబిలం అడవి నుంచి బండ్లలో వచ్చిన మానులు అక్కడ దొంతరలుగా పడి ఉండేవి, వాటి మీదెక్కి ఒక దొంతర నుంచి ఇంకో దొంతరకు దూకడం మా ఆట. కొన్ని మానుల మీద ఇంకా పచ్చగా, రెండు వరసల్లో ఎదురెదురుగా పేర్చినట్టు దళసరి ఆకులు, వేలంత లావు తెల్లటి వేళ్లు ఉండేవి. బెరడు చెక్కేటప్పుడు వాటినీ చెక్కి మంటలో వేసేవాళ్లు. మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామ అక్కడ కలప బండి తోలేవాడు. మంటలో పడబోయేవాటిని కాలితో పక్కకు నెట్టి, సాయంత్రం గోనెలో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుని గోడకు వేలాడగట్టేవాడు. ఎందుకు అని అడిగితే, "పూస్తే నీకే తెలుస్తాది" అనేవాడు.

ఆ బండే ఒకనాడు ఘాట్ దిగుతూ ఒరిగింది. చక్రం మామ పాదం మీదుగా పోయింది. వైద్యానికి నంద్యాల తెచ్చి మా ఇంట్లో ఉంచారు. పుండు మానింది, కుంటు మిగిలింది, మామ కూడా మిగిలిపోయాడు. ఆళ్లగడ్డలో వాళ్లన్న పొలం చూసుకుంటున్నాడు, మడక పట్టలేని మనిషికి అక్కడ పని లేదు. మా ఇంట్లో ఎనుముకు మేత వేయడం, పిండి మరకు పోవడం, నాకు ఎక్కాలు అప్పజెప్పించుకోవడం లాంటి పనులు మామ చేసేవాడు. ఏ పనికీ జీతం లేదు, ఏ పనీ చేయమని ఎవరూ అడిగింది లేదు. వచ్చేటప్పుడు మామ తెచ్చుకున్న సామానంతా ఒక సంచి, తడి గోనెలో చుట్టిన ఒక మొక్క.

వానలు పడుతుండగా ఆ మొక్కను మామిడిచెట్టు కాండానికి, తల ఎత్తున, కొబ్బరి తాడుతో కట్టాడు. కింద మన్ను లేదు, కుండీ లేదు. పొద్దున అమ్మ బియ్యం కడిగిన నీళ్లు ఒక చెంబెడు తీసుకుపోయి వేళ్ల మీద పోసేవాడు. తడవగానే తెల్లటి వేళ్లు నా కళ్ల ముందే పచ్చగా మారేవి, ఆరితే మళ్లీ తెల్లబడేవి. బడి నుంచి రాగానే ఈ వింత చూడటం నాకు పని అయింది. అయితే కడుగునీళ్లు ఎనుము తాగేవి, ఆ లెక్క జేజి దగ్గర ఉండేది.

"ఎనుముకు పోసే కడుగు గడ్డికి పోస్తాండావ్. అది పాలిస్తాదా?"

"పువ్విస్తాదత్తా."

"మన్ను లేకుండా బతికేదేందప్పా, నేను యాడా చూడలేదే."

మా నాయన బడిపంతులు. వసారాలో కూర్చుని పేపరు చదువుతూ తలెత్తకుండా అన్నాడు. "ఎందుకు చూడలేదమ్మా? మన ఓబులేసు బతకడంల్యా?"

మామ నవ్వాడు. "గాలి తిని బతికేవాళ్లం బావా. మీ ఇంట్లో గాలికి కరువొచ్చిందేంది?"

బావామరదుల మాటలు అవి, వాటికి ఎవరూ నొచ్చుకోరు. పండగపూట మామ ఎక్కువ తింటే నాయన "గాలి ఎట్లుందప్పా, ఇంకో రెండు భక్షాలు ఎయ్యమంటావా గాలికి?" అనేవాడు, మామ విస్తరి ముందుకు జరిపేవాడు. ఆ మొక్కకు పేరు అడిగినప్పుడే తేడా వచ్చింది. మామ చెప్పాడు, "అడివిలో వీటిని బదనికె అంటారు" అని. జేజి చేతిలో చేట ఆగిపోయింది.

మా సీమలో చెట్టు మీద పుట్టే ప్రతి మొక్కా బదనికే. చెట్టు కొమ్మలోకి వేరు దించి, దాని సారం తాగి, చివరికి కొమ్మను ఎండగొట్టేదీ బదనికే. చెట్టును ఊరికే పట్టుకుని గాలి తేమతో బతికేదీ బదనికే. మాట ఒకటే, మొక్కలు రెండు. రైతింట్లో పుట్టిన జేజికి మొదటిదే తెలుసు. అంతే కాదు, సొంత పని లేకుండా చుట్టాలింట్లో ఉండిపోయినవాణ్ని కూడా మా వైపు బదనికె అనే అంటారు. ఆ మాట మామే తన నోటితో చెప్పాడు కాబట్టి జేజికి వెతుక్కునే పని లేకుండా పోయింది.

ఆ ఏడు చలికాలం గడిచి చెట్టు పూతకు వచ్చేసరికి, పడమటి కొమ్మకు పూత రాలేదు. ఉగాది నాటికి ఆ కొమ్మ చివరలు ఎండి, గాలికి గలగలమని చప్పుడు చేశాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దూసి తెచ్చిన జేజి, ఆ కొమ్మ కింద చాలాసేపు నిలబడి, తర్వాత మొక్క దగ్గరకు వచ్చి ఒక వేరును గోటితో లేపి చూసింది. అది బెరడుకు అతుక్కుపోయి రాలేదు.

"చూడు, ఎట్ల కరుచుకోనుందో. సారమంతా ఈడికే పోతాంది."

"అది పైపైనే పట్టుకుంటాదత్తా, లోపలికి పోదు," అన్నాడు మామ.

"పోకుండానే కొమ్మ ఎండిందా?"

మామ తల పైకెత్తి చూశాడు. కాలు బాగుంటే ఎక్కి చూసేవాడేమో. మా నాయన చెట్లెక్కే మనిషి కాదు. ఆయన అమ్మ వైపు చూశాడు, అమ్మ పొయ్యి వైపు చూసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ కత్తి తెచ్చుకుని మొక్కను తీయడం మొదలుపెట్టాడు. వేళ్లు తెగితే మొక్క బతకదు, అందుకని వేరుతో పాటు పైబెరడు కూడా పలచటి పొరలుగా, పచ్చి తగలకుండా లేపుతూ వచ్చాడు. ఆ పని పొద్దుగూకేదాకా పట్టింది. దించిన మొక్కను చంటిబిడ్డలాగా రెండు చేతుల మీద పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక పెరడంతా చూశాడు.

వెనక గోడ వారగా మా జేజినాయన కాలం నాటి ఎడ్లబండి నొగ ఒకటి ఆనించి ఉండేది. నొగ అంటే ఎద్దుల మధ్య నుంచి కాడి దాకా పోయే పొడవాటి మాను. బండి ఎప్పుడో పోయింది, అదొక్కటి మిగిలింది, వానకు ఎండకు బూడిదరంగు తిరిగి, దెబ్బ కొడితే ఖంగుమనేది. జాలాడి పక్కనే కాబట్టి స్నానాల ఆవిరి, చిందే నీళ్లు అక్కడికి చేరతాయి. మామ మొక్కను దానికి కట్టాడు.

జేజి వసారా స్తంభానికి ఆనుకుని అంతా చూస్తూనే ఉంది. చీకటి పడుతుండగా అమ్మతో అంది, మామకు వినపడేటట్టే అంది.

"బదనికె చెట్టు దిగింది. ఇల్లు దిగాల్సింది ఇంగొకటుంది. ఊరగాయ పని కానీ, ఆళ్లగడ్డకు కబురు చేస్తా. వాళ్లన్న వచ్చి తోలుకపోతాడు."

నాయన పేపరు మడిచి లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి నాయన గాలి మాట ఎత్తలేదు. మామ కూడా ఎదురు పరాచికం ఆడలేదు. ఇంట్లో ఊరగాయ పనులన్నీ ఆ ఏడు నెమ్మదిగా జరిగినట్టు నాకు గుర్తు. మిరపకాయలు ఎండబెట్టడం, ఆవాలు దంచడం, ఉప్పు రాళ్లను రోట్లో నలగ్గొట్టడం, నువ్వులనూనె కోసం గానుగ దగ్గర కూర్చోవడం, జాడీలు కడిగి ఎండలో బోర్లించడం. ఏ ఏడాదైనా మాకు సంబరంగా ఉండే పనులే. జాడీలు నిండితే మామ పోవాలి కాబట్టి, దంచిన ఆవాల ఘాటుకు ఎవరు కళ్లు తుడుచుకున్నా అమ్మ వైపు చూసేవాణ్ని. మామ మాత్రం రోజూ నొగ దగ్గరకు పోయి నీళ్లు చల్లి వచ్చేవాడు. కడుగునీళ్లు ముట్టుకోలేదు, జాలాడి తొట్టి నీళ్లే. మొక్క ఆకులు తోలు తిత్తుల్లాగా ముడతలు పడ్డాయి. ఊరగాయల పొద్దు దగ్గరపడే కొద్దీ, ఒక వేరు కొసన మాత్రం గోరంత పచ్చదనం కనిపించింది.

కాయలు దింపడానికి ఏటా ఖాసీం వచ్చేవాడు. నంద్యాల తోటలన్నీ ఎక్కిన మనిషి. నడుముకు తాడు, అందులో దోపిన చిన్న గొడ్డలి, భుజాన వలసంచి కట్టిన దోటితో, చెప్పులు చెట్టు మొదట్లో విడిచి, కోతిలాగా పైకి పోయేవాడు. ఆ పొద్దు జేజి కింద చేటలు పరుచుకుని కూర్చుంది. మామ కత్తిపీట ముందు కూర్చుని, దిగిన కాయను దిగినట్టు టెంకతో సహా ముక్కలు కొడుతున్నాడు. పుల్లటి రసం, జిగురు వాసన పెరడంతా పట్టింది. పైనుంచి ఖాసీం గొంతు వినిపించింది.

"జేజీ, ఈ పడమటి కొమ్మకు బదనికె పట్టిందే."

"దాన్ని ఉగాది నాడే తీసేసినాం కదప్పా."

"మీరు తీసింది యాడుందో నాకు తెల్దు. ఇది ఈడనే ఉంది, నా కాళ్ల కాడ. పోయినేడు రోంత పిల్ల, ఆకుల్లో కలిసిపోయి కనపళ్లేదు. ఇప్పుడు చూడు, తొడంత లావుంది."

"కండ్లు సరిగ్గా కనపడతాండాయా నీకు?"

"నా కండ్ల సంగతెందుకు, నరికి కింద ఏస్తా, నీ కండ్లతోనే చూసుకో."

గొడ్డలి చప్పుడు, తర్వాత ఒక గుబురు కొమ్మ నాపరాళ్ల మీద పడింది. ఆకులు మామిడాకుల్లాగే దళసరిగా ఉన్నాయి, మధ్యలో ఎర్రటి గొట్టాల్లాంటి పూలు, గులాబీరంగు చిన్న పండ్లు. ఒకటి నలిపితే జిగురు వేళ్లకు అంటుకుని వదల్లేదు. పిట్టలు ఆ జిగురు గింజలనే కొమ్మ నుంచి కొమ్మకు చేరుస్తాయి. దాని మొదలు దగ్గర మామిడి కొమ్మ గడ్డకట్టినట్టు ఉబ్బి ఉంది. ఎక్కడ చెట్టు అయిపోయి ఎక్కడ బదనిక మొదలైందో, జేజి వేలు పెట్టి ఎంత వెతికినా దొరకలేదు. అక్కడి నుంచి కొస దాకా కొమ్మ పుల్లలా ఎండి ఉంది.

జేజి లేచింది. గోడ వారకు పోయి నొగ ముందు నిలబడింది. ఉగాది నాడు చేసినట్టే ఒక వేరును గోటితో లేపి చూసింది. ఆ కొత్త వేరు ఎండిన మానును పట్టుకుని ఉంది. మామ ముక్కలు కొట్టడం ఆపలేదు.

"ఓబులేసా. ఈ నొగ ఎప్పటిదో నీకు తెల్సునా?"

"బావ చెప్పినాడత్తా, పెద్దాయనది."

"దీంట్లో సారమేముంది అది తాగనీకె?"

"ఏం లేదత్తా."

"మరి?"

"పట్టుకోనీకె రోంత జాగా కావల్ల. అంతే."

జేజి వచ్చి చేట ముందు కూర్చుని, ఒక ముక్క తీసి చూసింది.

"ముక్కలు పెద్దవి కొడతాండావ్. ఇంత పెద్ద ముక్క ఎప్పుడు ఊరల్ల? చిన్నవి కొట్టు." కాసేపాగి, "మల్లా చెట్టుకే కట్టుకో పో దాన్ని," అంది.

"వద్దులేత్తా. ఇప్పుడిప్పుడే ఈడ వేరు పడతాంది. ఊరూరికే మార్చగూడదు."

ఆళ్లగడ్డకు కబురు పోలేదు. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడానికి మాటలు వాడే అలవాటు లేదు. మూడో నాడు ఊరగాయ కలిపాక, మొదటి ముద్ద ఎప్పుడూ నాయనకు పెట్టే జేజి, ఆ రోజు వేడి సంగటి మీద నూనె తేలే ముక్క వేసి మామ ముందు పెట్టింది. నాయన తన గిన్నె వైపు చూసుకుని, "గాలి ఎట్లుందప్పా?" అన్నాడు. "రోంత కారంగా ఉంది బావా," అన్నాడు మామ. మర్నాటి నుంచి కడుగునీళ్ల చెంబు జాలాడి గట్టు మీద దానంతట అదే కనిపించేది.

తొలకరి దాటాక నొగ మీద పూసింది. పూలు ఇప్పటివాటంత పెద్దవి కావు. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దవి. పసుపు మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో చిన్న ఊదారంగు నాలుక. వాసన మాత్రం పొద్దెక్కే కొద్దీ పెరిగేది. మాగబెట్టిన అరటిగెల గది తలుపు తీసినప్పుడు వచ్చే వాసన, అందులో కాస్త తేనె కలిపినట్టుండేది. స్నానం చేస్తుంటే తల మీదికి వచ్చేది. అన్నాళ్లూ బేగ కానీ అని అరిస్తే తప్ప జాలాడి నుంచి బయటికి రాని నేను, అరిచినా రాలేదు. జేజి మాత్రం బాగుందని అనలేదు. పూలున్నంత కాలం పప్పు ఏరుకునే చేటను వంటింట్లో కాకుండా ఆ గోడ వారకు తెచ్చుకుంది.

మామ ఆ తర్వాత రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నాడు. శ్రీశైలం డ్యాము పని మొదలై సున్నిపెంటలో సిబ్బంది ఇళ్లు కడుతుంటే, అక్కడ తోటమాలి పని దొరికింది. పోతానంటే అందరికన్నా ముందు అడ్డం పడింది జేజి. "యాడికి పోతావ్, ఆ కొండల్లోకి? ఈడ నీకేం తక్కువైంది?" అని. మామ పోయే ముందు మొక్కను నడిమికి కోశాడు. వేళ్లున్న తల భాగం తను తీసుకున్నాడు. మొండెం నొగ మీదే వదిలాడు. తల కోసిన మొక్క చస్తుందని నేను ఏడిస్తే, కనుపు పక్కన పిలకలు వస్తాయని చెప్పాడు. వచ్చాయి. వాటికి నీళ్లు పోసే పని జేజి నాకు అప్పగించింది. ఆమె నోట బదనికె అనే మాట నేను మళ్లీ వినలేదు. పొద్దున్నే వసారాలో నుంచి అడిగేది:

"రేయ్ అబ్బోడా, మీ మామకు నీళ్లు పోసినావా?"

అట్లా ఆ మొక్క పేరు మామ అయింది. మామ పండగలకు సున్నిపెంట నుంచి బస్సులో వచ్చినప్పుడు, ఇంట్లో ఇద్దరు మామలు. జేజి నీళ్లు పోయమని అరిస్తే ఏ మామకు అని నాయన అడిగేవాడు.

మామ సున్నిపెంటలోనే పెళ్లి చేసుకుని, అక్కడే రిటైరై, అక్కడే పోయాడు. జేజి అంతకు చాలా ముందే పోయింది. నొగను చివరికి చెదలు తినేశాయి; దానితో పాటు మొక్క కూడా ఒక వేసవిలో దక్కలేదు, అప్పుడు నేను ఉద్యోగంలో వేరే ఊళ్లో ఉన్నాను, డైరీలో ఆ సంగతి ఒక్క వాక్యం ఉంది. ఈ ఇల్లు కట్టినప్పుడు మామిడిచెట్టు పోయింది. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు స్థానంలో ఇప్పుడు రాయి కోసే యంత్రాల మోత వినపడుతుంది. కలప డిపో ఉన్నచోట ఇళ్లు లేచాయి. అడవి నుంచి మొక్క తెచ్చుకోవడం ఇప్పుడు నేరం, అదే మంచిది కూడా. ఆ పసుపు గళ్ల పువ్వును, దాని వాసనను నేను చూసి చాలా ఏళ్లయింది. బదనిక అనే మాట నా మనవళ్లకు తెలియదు, ఏ మొక్కనూ అట్లా అనరు, ఏ మనిషినీ అనరు. పోయినవాటిలో అది ఒక్కటి పోయినందుకు నాకు బాధ లేదు.

నర్సరీ నుంచి మొదటి వాండా తెచ్చి వేలాడదీసిన రోజు, అనుకోకుండా దాన్ని పాత పేరుతోనే పిలిచాను. ఇంట్లో అందరికీ అదే అలవాటైంది. ఎందుకా పేరు అని మా కోడలు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉదయం తను పనికి బయలుదేరుతూ మెట్ల దగ్గర నుంచి కేకేస్తుంది. ఇంటికొచ్చిన కొత్తవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

"మామా, మామకు నీళ్లు పోసినారా?"

"పోసినానమ్మా," అంటాను.